ద్రౌపదమ్మ గడ్డం

ఊళ్ళో మగవాళ్ళకు మీసం తీస్తే ఏడుపు. సిద్ధమ్మ మొగుడు దొరస్వామికి మీసం మొలిస్తే ఏడుపు.

పూతలపట్టు కూడలి దాటి కాస్త పక్కకు దిగితే మిట్టపల్లె. ఆ ఊళ్ళో వేసవిలో భారతం ఆడతారు. పగలు హరికథ, పొద్దుగూకాక వీధినాటకం, చివరి రోజు నిప్పుల గుండం. అందులో ద్రౌపదమ్మ వేషం దొరస్వామిది. వాళ్ళ నాయన కట్టిన వేషమే, ఆయన గొంతు పడిపోయాక కొడుక్కి దిగింది. మిగతా యేడాదంతా దొరస్వామి అందరిలాంటి మనిషే. మడక దున్నుతాడు, ఎద్దును తిడతాడు, సంగటిలోకి కారం చాలలేదని సణుగుతాడు. ధర్మరాజు గుడి ముందు భారతం జెండా ఎక్కిందా, ఆ నడక వేరు, ఆ చూపు వేరు. చెంబు ఎత్తి నీళ్ళు తాగినా ఆడదాని మాదిరే తాగుతాడు. సంతలో తెలియనివాళ్ళు ఆ మీసం లేని మూతిని చూసి నవ్వుతారు. తెలిసినవాళ్ళు దణ్ణం పెడతారు.

సిద్ధమ్మ అతనికి సొంత అక్క కూతురు. శ్రీకాళహస్తి దగ్గర పల్లెలో పుట్టి, పరికిణీ వయసులోనే మేనమామ ఇంటికి కోడలుగా వచ్చింది. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. అత్తగారి ముందు గొంతెత్తి ఏడవడానికి లేక, కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు మాత్రం అదురుతుండగా గోడ వైపు తిరిగి ఏడ్చింది. మరుసటి యేడు భారతంలో నిండు సభలో ద్రౌపదమ్మ సరిగ్గా అట్లాగే ఏడ్చింది. ఊరంతా ముక్కు చీదుకుంది. జనం మధ్యలో కూర్చున్న సిద్ధమ్మ, ఈ మనిషి నా ఏడుపు కూడా నాకు మిగల్చలేదు గదా అనుకుంది. కోపం వచ్చింది, గర్వమూ వచ్చింది. రెండూ ఒకే కుండలో ఉడికాయి. ఆ తరవాత ఇద్దరు పిల్లలు పుట్టి నిలిచారు గానీ, ఆ ఏడుపు మాత్రం వేషంలోనే ఉండిపోయింది.

ఆమెకు ఒక చేతివిద్య ఉంది. ముల్లు తీయడం. తుమ్మముల్లు, రేగుముల్లు, కాలిలో విరిగి నెల దాటి చీము పట్టిన ముల్లు అయినా సరే, తాళిబొట్టు తాడుకున్న పిన్నీసు విప్పి, పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, మాటల్లో పెట్టి లాగేసేది. తీయించుకున్నవాడు ఇంకా భయపడుతూనే ఉంటే, ముల్లు తెచ్చి వాడి అరచేతిలో పెట్టేది. మాట మెత్తన, చెయ్యి గట్టి. లోలోపల మాత్రం పిరికిది. కాకి అరిస్తే ఎవరికేమవుతుందో అని, అరవకపోతే ఎందుకు అరవలేదో అని భయం. మనసులో ఎప్పుడూ ఒక కుంపటి రాజుకుంటూ ఉండే రకం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి యేడు ఆమె తమ్ముడు మునస్వామి మిలిటరీ వంటపని చాలించి తిరిగొచ్చాడు. అక్కకు ఒక ఇనప పెట్టె తెచ్చాడు. మామకు ఇంగిలీషు కత్తి తెచ్చాడు. చేతికి పట్టున్న చిన్న పిడి, దాంట్లో బిగించుకునే పల్చటి బ్లేడు. ఎవరికి వాళ్ళే గీసుకోవచ్చు, తెగదు. అప్పటిదాకా దొరస్వామి గడ్డం ఊరి మంగలి మునెయ్యదే. భారతానికి చేతికి దీక్ష కాపు కట్టే ముందు ద్రౌపదమ్మ ముఖం గొరిగే హక్కు మునెయ్య తాతల నాటిది. అందుకు గుడి నుంచి వాళ్ళింటికి కొబ్బరికాయ, పంచె పోతాయి. గొరుగుతున్నంత సేపూ పొల్లు మాట మాట్లాడకుండా, చెంబెడు నీళ్ళతో గడ్డం నానబెట్టి నిదానంగా గొరిగేవాడు. ఎంత గొరిగినా చేత్తో నిమిరితే కొంచెం గరుకు తగిలేది. అదే దొరస్వామికి లోటు.

బ్లేడుతో ఆ లోటు తీరింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఇంకోసారి, అద్దం ముందు చంకలో పెట్టుకున్న పిల్లిలాగా ఒదిగి కూర్చుని, చర్మం వేళ్ళతో సాగదీసి పట్టుకుని, గొంతు మీది నుంచి గడ్డం దాకా కిందినుంచి పైకి లాగేవాడు. తరవాత తమలపాకు బుగ్గకు ఆనించుకుని, "చూడు సిద్దీ, దేనిది నునుపు?" అని అడిగేవాడు.

"ఆకుదే," అనేది సిద్ధమ్మ.

"నీకు అసూయ."

"ఉండదా మరి. నా బుగ్గ మీద నీకు ఎప్పుడన్నా ఆకు పెట్టి చూడబుద్ధి అయ్యిందా?"

ఆ యేడు కాపు కట్టే ముందు మునెయ్య కత్తుల పొది పట్టుకుని వచ్చి, అరుగు మీద కూర్చున్నాడు. దొరస్వామి అప్పటికే నున్నగా గీసుకుని బయటికి వచ్చాడు. మునెయ్య అతని ముఖం చూశాడు, పొది కట్టుకున్నాడు, లేచి వెళ్ళిపోయాడు. తిట్టి పోయి ఉంటే సిద్ధమ్మకు అంత దిగులు ఉండేది కాదు.

జెండా ఎక్కింది. దొరస్వామి చేతికి పసుపు దారంతో కాపు కట్టారు. కాపు కట్టినవాడు మనిషి కాదు, ద్రౌపదమ్మ. గుడి సావిట్లోనే పడక. మధ్యాహ్నం ఒక పూట ఇంటికి వచ్చి, తలకు పోసుకుని వండిన పెండ్లాం చేతి తిండి తింటాడు. అంతే. ఆమె విస్తరి వేసి దూరం జరగాలి. కాపు విప్పేదాకా పెండ్లాం చెయ్యి అతనికి తగలకూడదు. తగిలితే అమ్మ లేచిపోతుందని ఊరి నమ్మకం. ఆడే వేషం ఎంత బాగా ఆడినా ఇక అతను చీర కట్టిన ఒట్టి మగవాడేనట.

జెండా ఎక్కిన కొన్నాళ్ళకు దొరస్వామి మెడకు తువాలు చుట్టుకుని భోజనానికి వచ్చాడు. ఎండ మాడ్చేస్తోంది.

"ఎందుకు మామా తువాలు? జలుబు చేసినాదా?"

"గొంతు కాపాడుకోవాల గదా."

సంగటి ముద్ద మింగుతున్నప్పుడు తువాలు జారింది. దవడ కింద, గొంతు ముడి చుట్టూ, ఎర్రటి పొక్కులు. కొన్నిటి నెత్తిన తెల్లటి మొన. సిద్ధమ్మ చేతిలోని గరిటె అట్లాగే నిలబడింది.

పక్క ఊళ్ళో అమ్మవారు పోసి ఉంది. రెండిళ్ళలో ఇద్దరు పోయారు. ఆ ఊరి దారిలో యాపమండలు కట్టి, ఇటువాళ్ళు అటు పోవడం లేదు. మిట్టపల్లెలో ఎవరి ఒంటి మీదన్నా పొక్కు కనబడితే ఆ ఇంటి గడపకూ యాపాకే. లోపలివాళ్ళు లోపల, బయటివాళ్ళు బయట. ఇక ద్రౌపదమ్మ ముఖం మీదే పొక్కు అంటే జెండా దించాల్సిందే. దింపిన జెండాకు కారణం దొరస్వామి అని, దొరస్వామి ఇల్లు అని, పిల్లల పిల్లల దాకా చెప్పుకుంటారు.

"ఒళ్ళు కాలతా ఉండాదా మామా?" అంది.

"కాలేదానికి ఏముండాది. దురద. గీసుకున్నాక మంట. అంతే."

"నుదురు చెయ్యి పెట్టి చూసుకో."

"చూసుకున్నా. నా చెయ్యికి నా నుదురు ఎప్పుడూ ఒకే మాదిరి ఉంటాది."

ఆమె చెయ్యి పెట్టి చూస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోయేది. పెట్టకూడదు. అందుకని విస్తరిలో చూసింది. అమ్మవారికి ముందు జ్వరం, జ్వరానికి ముందు నోరు చేదు. దొరస్వామి సంగటి అంతా తిని, ఊరిబిండి పచ్చడి నాకి, ఇంకొంచెం పెట్టమన్నాడు. ఆ ఇంకొంచెం పెడుతుంటే సిద్ధమ్మకు కాస్త ఊపిరి ఆడింది. మరునాడు సగమే తిన్నాడు. ఊపిరి మళ్ళీ ఆగింది. అడిగితే సావిట్లో ఎవరో వడపప్పు పెట్టారన్నాడు.

మొగుడు తిన్న ముద్దలు లెక్కబెట్టుకుంటూ ఎన్నాళ్ళని బతుకుతుంది ఎవతైనా? ఆ మధ్యాహ్నం పిల్లలిద్దరినీ బావి దగ్గరికి తోలి, దొడ్డి తలుపు వేసింది.

"ఇట్ల ఎండలోకి వచ్చి కూర్చో. తల ఎత్తు."

"ఏం జేస్తావే?"

"ముల్లు చూసినట్ల చూస్తా. తాకను. చూస్తానంతే."

తాకకుండా చూస్తే ఏ ముల్లూ కనబడదు గదా. మొదట వంగి చూసింది. తరవాత పిన్నీసు మొనతో మాత్రం, చెయ్యి తగలకుండా, ఒక పొక్కు మీది పొర కదిపింది. లోపల నల్లగా ఒక గీత. పురుగేమో అనుకుంది. ఇంకొంచెం పైకెత్తింది. అది పురుగు కాదు. వెంట్రుక. ఉంగరంలాగా చుట్టుకుని, మొన మళ్ళీ చర్మంలోకే దిగబడి ఉంది. పక్క పొక్కులోనూ అంతే. దాని పక్కదాంట్లోనూ అంతే.

"మామా, నీ గడ్డమే నీకు గుచ్చుకోనుండాది."

"ఎట్ల?"

"బయటికి మొలవాల్సింది లోపలికి మొలిచినాది. అమ్మవారు గాదు, ఏమీ గాదు. ఎంటికలు."

ఆ సంతోషంలో ఆమెకు ఒళ్ళు తెలియలేదు. మోకాలి మీద కూర్చుని, ఎడమచేత్తో అతని గడ్డం పట్టుకుని, ముల్లు లాగినట్టు ఒక్కొక్క వెంట్రుకనూ గోళ్ళతో పట్టి సాంతం పీకేసింది. రక్తం చుక్కలు వచ్చాయి. పసుపు అద్దింది. అన్నీ అయిపోయాక తన చెయ్యి ఎక్కడ ఉందో చూసుకుంది. అతని దవడ మీద ఉంది. దొరస్వామి మణికట్టుకు పసుపు దారం ఉంది.

ఇద్దరూ ఆ దారాన్నే చూశారు.

"ఎవరూ చూడలేదులే," అన్నాడు దొరస్వామి.

"చూడాల్సినామె చూసింటాది."

ఎరుపు తగ్గింది. దొరస్వామి సంబరపడి, ఆ నునుపు చెడకుండా మళ్ళీ భోజనానికి ఇంటికి వచ్చినప్పుడల్లా రెండేసి సార్లు ఎదురు గీతలు గీశాడు. ఇంకేముంది, తిరిగి వచ్చాయి. ముందు చోటా వచ్చాయి, పీకిన చోటా వచ్చాయి. దవడ మూల కింద ఒకటి చింతగింజంత గడ్డయి, ఎర్రగా బిగుసుకుని, నోరు తెరిస్తే నొప్పి అన్నాడు. పద్యం పాడాల్సిన నోరు.

సిద్ధమ్మ వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. నేను తాకినందుకే. మొదట వచ్చినవి వెంట్రుకలే, ఒప్పుకుంటాను తల్లీ. ఇప్పుడు వచ్చినవి మాత్రం నా చెయ్యి తగిలినందుకు నువ్వు పెట్టినవి. ఇట్లా మనసులో గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టింది.

ఆ దిగులు చాలదన్నట్టు దేవకమ్మ వచ్చింది. ఊళ్ళో భారతం నడిపించే పెద్ద మునిరామయ్య భార్య ఈమె. చేట నిండా మాటలు, ఒక్కటీ తాలు కాదు. మిట్టపల్లెలో ఒక ఆచారం ఉంది. ద్రౌపదమ్మ పెండ్లి ఆడే రోజు పొద్దుగూకే ముందు, వేషగాడికి చీర కట్టించి, రంగు పూయక ముందు, ఒట్టి ముఖంతో గుడి ముందు పీట మీద కూర్చోబెడతారు. ముత్తైదువలంతా వరసగా వచ్చి పెండ్లికూతురికి పెట్టినట్టు బుగ్గలకు, గడ్డానికి, మెడకు పసుపు రాస్తారు. ఆ పసుపు తమ తాళికి అద్దుకుంటారు. మొదటి చెయ్యి దేవకమ్మది.

"ఏమే సిద్దీ, మీ ఆయప్ప గొంతుకు గుడ్డ చుట్టుకోని తిరగతా ఉండాడు. ఈ ఎండకు మేకలే నాలిక బయట పెట్టుకోనుండాయి."

"గొంతు చెడతాదని అత్తా."

"అంతేనా?"

"అంతే అత్తా."

"అంతే అయితే సరే. పెండ్లి దినం నేనే గదా మొదట పసుపు పెట్టేది. నా చేతికి ఏదన్నా తగిలినాదంటే జెండా దించమని నేనే చెప్తా. మా ఇంటాయన కూడా అడ్డం రాలేడు. పక్క ఊళ్ళో పసిబిడ్డ పోయింది నిన్న. తెలుసునా?"

"తెలుసు అత్తా."

దేవకమ్మ వెళ్ళాక సిద్ధమ్మ వాకిలి మూసి బయటపడింది. నోటితో అబద్ధం ఆడింది, చేత్తో అపచారం చేసింది. ఇక మిగిలింది కాళ్ళే. వాటిని ఈడ్చుకుంటూ మునెయ్య ఇంటికి పోయింది.

మునెయ్య వాకిట్లో రాతి మీద కత్తి నూరుతున్నాడు. తలెత్తలేదు.

"ఇంగిలీషు కత్తికి సాన పెట్టాల్నా? అది నాకు చేతగాదమ్మా."

"అన్నా, తిట్టేది ఏదన్నా ఉంటే ముందు తిట్టేసెయ్. తరవాత ఒక మాట అడగతా."

"తిట్టేదానికి నేనెవర్ని. మా తాత గొరిగినాడు, మా నాయన గొరిగినాడు. నేను పొది ఎత్తుకోని వచ్చి, ఎత్తుకోని పొయినా. ఊరంతా చూసినాది."

"తప్పే. ఆయన వచ్చి చెప్పాల్సింది, నేను చెప్తా ఉండా. పొక్కులు లేచినాయన్నా. లోపల ఎంటికలు చుట్టుకోనుండాయి. పీకినా. మళ్ళీ వచ్చినాయి."

మునెయ్య చెయ్యి ఆగింది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పొక్కులని నా వాకిట్లో గట్టిగా అనబాక తల్లీ. రేపు మంగలి కత్తి వల్లనే అంటారు. ఎవురి గడ్డమూ నాకు దొరకదు." తరవాత రాయి పక్కన పెట్టాడు. "మీ ఆయప్పది ఉంగరాల జుట్టు. తలమీద చూడు, రాగి తీగ చుట్టినట్ల ఉంటాది. గడ్డమూ అదే. తోలు సాగదీసి ఎదురు గీస్తే ఎంటిక తోలుకింద తెగతాది. తోలు వదిలినావా, అది లోపలికి పొయ్యి దాంకుంటాది. మొన సూదిమాదిరి. తిరిగి మొలిచేప్పుడు దారి తప్పుతాది."

"పీకేస్తే పీడ పోతాదనుకుంటి."

"పీకితే యాడ పోతాది? మళ్ళీ అడుగునుంచి మొలవాల. మళ్ళీ దారి తప్పాల. పీకేది గాదు. కొన మాత్రం సూదితో బయటికి లేపి ఇడిచిపెట్టు. దాని పాటికి అది పెరగతాది."

"గడ్డ అయిపొయింది ఒకటి."

"పిండబాకండి. ఉడుకునీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, ఓర్చుకున్నంత ఏడి పెట్టండి. పొద్దున, మాపున. దానంతట అదే నోరు ఇడుస్తాది. జొరం వచ్చినా, ఎరుపు పాకినా చిత్తూరు ఆసుపత్రికి తీసకపోండి, నా కాడికి గాదు. అన్నిటికంటే ముందు ఆ బ్లేడు పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. తోలు మానేదాకా కత్తే వద్దు. నా కత్తి గూడా వద్దు."

"గడ్డంతో ద్రౌపదమ్మ యాడన్నా ఉండాదా అన్నా? ఈ వారమే పెండ్లి. దేవకమ్మత్త చెయ్యి పెడతాది."

"అది మీ ఇంటి సంగతి. నేను చెప్పింది తోలు సంగతి." మళ్ళీ కత్తి అందుకున్నాడు. రాతి మీద నాలుగు సార్లు లాగి, "మానినాక నేను వచ్చి గొరగతా. నానబెట్టి, వాలుగా, ఒక్క తూరి. నున్నగా రాదు. ఎప్పుడూ రాలేదు. మీ ఆయప్పకు అదే గదా బాధ," అన్నాడు.

సిద్ధమ్మ ఇంటికి వచ్చి బ్లేడును, పిడిని తమ్ముడు తెచ్చిన ఇనప పెట్టెలోనే పడేసి తాళం వేసింది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన దొరస్వామి అద్దం దగ్గర వెతికాడు. పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"యాడ పెట్టినావు?"

"ఇయ్యను."

"సిద్దీ, పెండ్లి దగ్గరికొచ్చినాది. ఈ ముళ్ళ గడ్డంతో పీట మీద కూర్చోమంటావా? నూరు చేతులు పడతాయి నా ముఖాన. ఒక్కో చేతికీ గడ్డం గుచ్చుకుంటే అమ్మ యాడుంటాది? నేనుంటా, దొరస్వామిని. దొరస్వామికి దణ్ణం పెట్టే దానికి ఎవురొస్తారు?"

ఆమె ఎప్పుడూ అతని గొంతులో అంత భయం వినలేదు. సభలో చీర లాగేటప్పుడు కూడా అది వేషం భయమే. ఇది వేరు. తానొక్కతే భయపడుతున్నాననుకుంది ఇన్నాళ్ళూ.

"గుచ్చుకుంటే నవ్వుతారు మామా. పొక్కు తగిలితే యాపాకు కడతారు. రెంట్లో ఏది కావాల్నో నువ్వే చెప్పు."

దొరస్వామి పీట మీద కూలబడ్డాడు. "రెండూ వద్దు," అన్నాడు చిన్నపిల్లవాడి మాదిరి.

"నాకూ వద్దు. ఉడుకునీళ్ళు పెట్టినా. గుడ్డ నువ్వే పట్టుకో, నేను ఇయ్యాళ తాకను."

ఆ పూట నుంచి అదే పని. ఆమె కుండలో నీళ్ళు కాచి దూరంగా పెడుతుంది. అతను గుడ్డ ముంచుకుని దవడకు అదిమి పెట్టుకుంటాడు. ఆమె ఎదురుగా కూర్చుని అద్దం పట్టుకుంటుంది. పిన్నీసును నిప్పు మీద కాల్చి నేలమీద జరిపితే, అతనే తీసుకుని, ఆమె చెప్పినట్టు ఒక్కో కొనను పైకి లేపుతాడు.

"ఇంకొంచెం ఎడమకు. లాగబాక. లేపు. ఆఁ, ఇడిచిపెట్టు."

"నీకు కనబడతా ఉండాదా?"

"నాకు కనబడక పోయిందెప్పుడు."

గడ్డ నోరు విడిచి, కారి, పక్కు కట్టింది. చిన్నవి ఒక్కొక్కటే ఎరుపు తగ్గాయి. అన్నీ కాదు. తగ్గేకొద్దీ గడ్డం పెరిగింది. నల్లగా, గరుగ్గా, అక్కడక్కడ రెండు తెల్ల వెంట్రుకలతో సహా. తువాలు ఇప్పుడు రెండు కారణాలకు చుట్టుకోవాల్సి వచ్చింది.

పెండ్లి రోజు పొద్దు వాలింది. గుడి ముందు నీళ్ళు చల్లి, ముగ్గులు వేసి, పీట వేశారు. దొరస్వామి పసుపుపచ్చ చీర కట్టి, తలకు సవరం పెట్టి, కొంగు ముఖం మీదికి లాక్కుని వచ్చి కూర్చున్నాడు. తువాలు లేదు. మగవాళ్ళు దూరంగా నిలబడ్డారు, మునెయ్య కూడా. ఆడవాళ్ళు పసుపు గిన్నెలతో వరస కట్టారు. సిద్ధమ్మ వరసలో లేదు. వేషగాడి పెండ్లాం ఆ వరసలో ఉండకూడదు. గుడి రాతి స్తంభం దగ్గర నిలబడి, కొంగు చివర నోట్లో పెట్టుకుంది.

దేవకమ్మ పసుపు ముద్ద తీసుకుని, వంగి, కొంగు ఎత్తింది. కుడి బుగ్గ మీద చెయ్యి వేసింది. చెయ్యి ఆగింది. గడ్డం కిందికి పోనిచ్చింది. దవడ మూలన మానుతున్న పొక్కు దగ్గర వేళ్ళు నిలబడిపోయాయి. వెనక్కి తీసుకుంది.

"ఇదేందే," అంది. గట్టిగా అనలేదు. అయినా వెనకున్న ఆడవాళ్ళు ఒకడుగు జరిగారు. చంకలో బిడ్డ ఉన్న ఒకామె రెండడుగులు జరిగింది. ఎవరో "అమ్మవారు" అన్నారు. ఆ మాట వరస చివరికి చేరేలోపు గిన్నెలు కిందికి దిగాయి.

దొరస్వామి తల ఎత్తలేదు. కాపు కట్టినవాడు పీట మీద మాట్లాడకూడదు. అతని భుజాలు అదరడం మాత్రం సిద్ధమ్మకు కనబడింది. అది ఆమె దగ్గర నేర్చుకున్న ఏడుపు కాదు, ఆ భుజాలు నిజంగానే అదురుతున్నాయి.

ఆమె స్తంభం వదిలింది.

"అమ్మవారు గాదు అత్తా. ఎంటికలు. బ్లేడుతో ఎదురు గీసి, లోపలికి మొలిచినాయి. జొరం లేదు. ఒంటి మీద ఇంకెక్కడా లేదు. చేతులు చూడండి, కాళ్ళు చూడండి."

"గొంతు కోసరం గుడ్డ చుట్టినాడంటివి నాతో."

"అబద్ధం చెప్పినా."

"ఎంటికలని నీకెట్ల తెలుసు? చూసినావా?"

సిద్ధమ్మ పసుపు దారం వైపు చూడకూడదనుకుంది. చూసింది. "చూసినా. పీకినా. కాపు కట్టినాక, నా చేత్తో గడ్డం పట్టుకోని పీకినా. నా భయంకొద్దీ చేసినా. తప్పు నాది. ఆయనది గాదు, అమ్మది గాదు."

మునిరామయ్య ఏదో అనబోతే దేవకమ్మ చెయ్యెత్తి ఆపింది. మళ్ళీ వంగి, ఈసారి కళ్ళు చికిలించి చూసింది. కంటికి ఆనలేదు. వేలితో నిదానంగా తడిమింది, మునగకాయ ముదిరిందో లేదో చూసినట్టు.

"గుచ్చుకుంటాది," అంది చివరికి. "అమ్మవారి పొక్కు గుచ్చుకోదు. మా పెద్దోడికి పోసినప్పుడు నేను తుడిచినా, నాకు తెలుసు. ఇది గడ్డమే. మా ఇంటాయన పొద్దున లేస్తే ఇట్లనే ఉంటాడు."

వరసలో ఎక్కడో కిసుక్కుమన్నారు. దేవకమ్మ నవ్వలేదు.

"కాపు కట్టినాక తాకినావు. అది చిన్న తప్పు గాదు."

"గాదు అత్తా."

"అయితే తాకిన చెయ్యి దాంకోకూడదు. ఇట్లా రా. నా గిన్నెలో పసుపు తీసుకో. మొదటి పసుపు నువ్వే పెట్టు. ఇది నువ్వు చెప్పినట్ల ఎంటికే అయితే మేమందరం నీ వెనక పెడతాం. ఇంకేదన్నా అయితే నీ ఇంటితోనే పోనీ. నేను మాట మార్చను."

అట్లాంటిది ఆ ఊళ్ళో ఎప్పుడూ జరగలేదు. పెండ్లాం పసుపు పెట్టడం. అది శిక్షో, మన్ననో సిద్ధమ్మకు అర్థం కాలేదు. దేవకమ్మకు అర్థమైందో లేదో కూడా ఎవరికీ తెలియదు. సిద్ధమ్మ గిన్నెలో వేళ్ళు ముంచింది. పీట ముందుకు వచ్చి వంగింది.

కొంగు కింద అతని ముఖం తడిగా ఉంది. ఆమె అరచేతిని అతని బుగ్గకు ఆనించింది. గరుకు. కిందికి దించి, మానుతున్న పొక్కును తప్పించి, గడ్డానికి, మెడకు, వాలుగా, పైనుంచి కిందికి రాసింది. పసుపు వెంట్రుకల మొనల మీద చిన్న చిన్న చుక్కలుగా నిలిచింది. ఆమె వెనక దేవకమ్మ గిన్నె అందుకుంది. దేవకమ్మ వెనక ఇంకో గాజుల చప్పుడు. చంకలో బిడ్డ ఉన్న ఆమె మాత్రం ఇంకా దూరంగానే నిలబడి ఉంది. సిద్ధమ్మ ఆమెనే చూసింది, వస్తుందా రాదా అని. ఆమె రాలేదు. బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని, ఇంటి దారి పట్టింది. తప్పు పట్టడానికి లేదు.

సిద్ధమ్మ చెయ్యి తీయబోతుంటే, కొంగు కింద నుంచి పెదవి కదలకుండా, ఆమెకొక్కదానికే వినబడేటట్టు దొరస్వామి అడిగాడు.

"మరీ గుచ్చుకునిందా?"

"ఊరుకో. నువ్విప్పుడు నాతో మాట్లాడకూడదు," అంది సిద్ధమ్మ, పక్కకు జరిగి దేవకమ్మకు చోటిస్తూ.